ఇఫ్ పక్కన విల్ ఎందుకు రాకూడదు?

ప్రశ్న:
మాది ధర్మవరం దగ్గర పల్లె. అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నా. నిన్న ఇంటర్వ్యూ ప్రాక్టీసులో "ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వి విల్ ప్లాంట్ గ్రౌండ్‌నట్" అంటే మేడం తప్పన్నారు. వాన పడాల్సింది రేపు కదా, మరి విల్ ఎందుకు వద్దు? ఇంకొకటి, "ఇఫ్ ఐ హ్యాడ్ మనీ" అనేది ఇప్పటి మాటేనట. హ్యాడ్ భూతకాలం కదన్నా? రూల్స్ అన్నీ బట్టీ పట్టినా నోరు తెరిస్తే టెన్షన్‌లో కలిసిపోతున్నాయి.

జవాబు:
తమ్ముడూ, రూల్స్ కాసేపు పక్కన పెట్టు. "వాన పడితే శెనక్కాయ వేస్తాం" అంటాం. "పడితే"లో ఏ కాలమూ లేదు, రేపటి సంగతి "వేస్తాం" చెబుతోంది. ఇంగ్లీషులోనూ విల్ ఆ ఒక్క చోటే. ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ ప్లాంట్. రెయిన్స్ చివర ఎస్ మింగేయొద్దు, మనవాళ్ళు ఎక్కువగా జారేది అక్కడే.

ఇక హ్యాడ్. నువ్వు ఇప్పుడు నన్ను వెయ్యి రూపాయలు అడిగావనుకో. "నా దగ్గరుంటే ఇచ్చేవాణ్ణి" అంటా. "ఇచ్చేవాణ్ణి" భూతకాలం రూపమే, కానీ మాట్లాడేది ఈ నిమిషం గురించే. డబ్బు లేదని నీకు ఆ రూపాన్ని బట్టే తెలిసిపోతుంది. ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ గివ్ ఇట్ టు యు. అచ్చం ఇదే. ఈ పోలిక తట్టాక నాకు వుడ్ అంటే భయం పోయింది.

అయిపోయిన దానికి మనకు "పడుంటే" ఉంది. జులైలో వాన పడుంటే శెనక్కాయ వేసుండేవాళ్ళం: ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్ ఇన్ జులై, వి వుడ్ హ్యావ్ ప్లాంటెడ్ గ్రౌండ్‌నట్. "ఉంటే" వైపు హ్యాడ్, "ఉండేవాళ్ళం" వైపు వుడ్ హ్యావ్.

ఇంకో జవాబు:
అన్న చెప్పింది సరిగ్గా ఉంది. ఒక్కటే కలుపుతా. "ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్" అని ఎవరైనా అంటే తప్పు పట్టకు నాయనా. అక్కడ విల్ రేపటి గురించి కాదు, "కాస్త ఆగుతారా" అనే మర్యాద.

ప్రశ్న అడిగిన తమ్ముడు:
అర్థమైందన్నా. ఇది చూడండి: ఇఫ్ ఐ హ్యాడ్ కాట్ ది సెవెన్ ఓ క్లాక్ బస్, ఐ వుడ్ హ్యావ్ రీచ్డ్ టు అనంతపూర్ బై నైన్.

జవాబు:
కాలాలు రెండూ సరిగ్గా కుదిరాయి. రీచ్డ్ తర్వాత టు ఒక్కటి తీసెయ్యి.