కాల్‌సిమ్స్ లుకప్ నేమ్ దొరుకుతలేదు, కొత్త కెర్నెల్ మీద పాత మాడ్యూల్ ఎట్ల నడపాలె?

హన్మకొండ_చౌరస్తా:
ఎంటెక్ ప్రాజెక్టుది చిన్న లినక్స్ కెర్నెల్ మాడ్యూల్, అంటే నడుస్తున్న కెర్నెల్ల ఎక్కించే కోడు. ఫైల్ తెరువమని ప్రోగ్రాములు కెర్నెల్‌ను అడిగే ఓపెన్‌యాట్ సిస్టమ్ కాల్ ఎన్నిసార్లు పడ్డదో లెక్కపెడ్తది. పేరిస్తే కెర్నెల్ లోపలి అడ్రస్ జెప్పే ఫంక్షన్ కాల్‌సిమ్స్ లుకప్ నేమ్‌తోని సిస్టమ్ కాల్ టేబుల్ అడ్రస్ తీసి, అండ్ల మన ఫంక్షన్ పెడ్తది. ఉబుంటు 20.04, కెర్నెల్ 5.4 మీద మంచిగనే నడిచింది. 24.04, కెర్నెల్ 6.14 మీద మేక్ కొడ్తే, మాడ్యూల్ వాడే పేర్లు సరిచూసే మాడ్‌పోస్ట్ ఆ ఫంక్షన్ 'అన్‌డిఫైన్డ్' అంటంది. కేప్రోబ్ (కెర్నెల్ ఫంక్షన్ మీద పెట్టే నిఘా) పెట్టి ఆ ఫంక్షన్ అడ్రస్ పట్టుకున్న. 8వ తరం ఐ5 మీద ఇన్స్‌మాడ్ (మాడ్యూల్ ఎక్కించుడు) అయితంది గని లెక్క సున్నా దాటుతలేదు. 12వ తరం మిషన్ల 'మిస్సింగ్ ఎండ్‌బ్రాంచ్' అని ఊప్స్ (కెర్నెల్ ఎర్రర్) కొడ్తంది, ఇగ ఆర్ఎమ్‌మాడ్ (మాడ్యూల్ తీసేసుడు) గూడ కాదు, రీబూటే. ఒక్కటే కోడు, రెండు తీర్లెందుకు?

కాజీపేట_జంక్షన్:
రెండూ వేరువేరు రోగాలు.

సున్నా సంగతి: 6.9 నుంచి ఎక్స్86 కెర్నెల్ ఆ టేబుల్ చూసి సిస్టమ్ కాల్ పిలుస్తలేదు. బ్రాంచ్ హిస్టరీ ఇంజెక్షన్ అనే స్పెక్టర్ రకం దాడికి 2024ల వేసిన అడ్డుకట్ట ఇది. పాయింటర్ పట్టుకొని దుంకుడు బంద్ పెట్టి, స్విచ్‌తోని నేరుగ పిలుస్తది. టేబుల్ ఇంకా ఉన్నది గని ట్రేసింగ్ కోసమే. నువ్వు అండ్ల ఏం రాసినా సిస్టమ్ కాల్ ఆ దిక్కు రాదు.

ఊప్స్ సంగతి: 12వ తరంల ఐబీటీ (ఇన్‌డైరెక్ట్ బ్రాంచ్ ట్రాకింగ్, ప్రాసెసర్ల ఉండే కాపలా) ఉంటది. పాయింటర్‌తోని ఏడికి దుంకినా అక్కడ మొదటి ఇన్‌స్ట్రక్షన్ ఎండ్‌బ్రాంచ్ కావాలె. అది 4 బైట్లు. కేప్రోబ్ ఆ 4 బైట్లు దాటినంక కూసుంటది, అందుకే నీకు దొరికిన అడ్రస్ 4 ఎక్కువ. 8వ తరంల ఐబీటీ లేదు గాబట్టి చప్పుడు లేదు. 4 తగ్గిస్తే సరిపోతదనుకోకు: లోపల ఎవ్వరూ పాయింటర్‌తోని పిలవని ఫంక్షన్లకు ఎండ్‌బ్రాంచ్‌ను కెర్నెల్ బూట్ అయ్యేటప్పుడే చెరిపేస్తది. ఐబీటీ ఆఫ్ జేసి బూట్ చెయ్యిమని నెట్‌ల జెప్తరు. చేసినా ఆ సున్నా సున్నానే.

భద్రకాళి_గట్టు:
మాడ్‌పోస్ట్ ఎర్రర్ సంగతి: కాల్‌సిమ్స్ లుకప్ నేమ్ ఎక్స్‌పోర్ట్‌ను, అంటే మాడ్యూళ్లు దాన్ని వాడుకునే వీలును, 5.7లో, అంటే 2020లో తీసేశారు. కెర్నెల్‌తో పాటు వచ్చే మాడ్యూల్ ఒక్కటీ దాన్ని వాడదు. బయటి మాడ్యూళ్లేమో అది పట్టుకొని జీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్స్) మాడ్యూళ్లకు మాత్రమే ఇచ్చిన ఫంక్షన్లను దొడ్డిదారిన తెచ్చుకునేవి. 5.9 నుంచి ప్రొప్రైటరీ (జీపీఎల్ కాని) మాడ్యూల్ ఇచ్చే సింబల్, అంటే ఫంక్షన్ పేరు, వాడుకున్న మాడ్యూల్‌కూ అదే ప్రొప్రైటరీ మచ్చ అంటుతుంది, మధ్యలో జీపీఎల్ ముసుగు మాడ్యూల్ పెట్టే ఎత్తు అక్కడ ఆగింది. 6.6లో, పేరుతో సింబల్ తెచ్చే సింబల్ గెట్‌ను కూడా జీపీఎల్ సింబళ్లకే పరిమితం చేశారు. 6.16 వచ్చాక ఫలానా మాడ్యూళ్లకే అని పేర్లు రాసి ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, గేటు పాసు మీద బండి నంబరు వేసినట్టే. ఇంకో చిన్న తలనొప్పి: ఇంపోర్ట్ చేసే నేమ్‌స్పేస్ (సింబళ్ల గుంపు) పేరును 6.13 నుంచి కోట్స్‌లో రాయాలి, లేకపోతే పాత కోడ్ కంపైలే కాదు.

హన్మకొండ_చౌరస్తా:
సమజైంది. మరి లెక్క ఎట్ల తియ్యాలె? గైడ్ సార్‌కు మాడ్యూలే కావాల్నట.

కాజీపేట_జంక్షన్:
ఉత్త లెక్కకైతే మాడ్యూల్ దండుగ. ఓపెన్‌యాట్ సిస్‌ఎంటర్ ట్రేస్‌పాయింట్ (కెర్నెల్ల ముందే పెట్టిన గమనించే చోటు) మీద బీపీఎఫ్‌ట్రేస్ అనే టూల్‌తోని ఒక్క లైన్ సాలు. మాడ్యూలే గావాల్నంటే అడ్రస్ ఏరుకునుడు మానేసి, కేప్రోబ్‌నే పనికి పెట్టు. సింబల్ పేరు ఎక్స్64 సిస్ ఓపెన్‌యాట్, ముంగట రెండు అండర్‌స్కోర్లు. ఆ ఫంక్షన్ నడిచే ముంగట కేప్రోబ్ పిలిచే ప్రీ హ్యాండ్లర్‌ల ఒక అటామిక్ కౌంటర్ పెంచి సున్నా రిటర్న్ చెయ్యి, అండ్ల నిద్రపోయే పని ఏదీ పెట్టకు. ఫైల్ పేరు గావాల్నంటే ఇక్కడ జారుతరు: హ్యాండ్లర్‌కు వచ్చిన డీఐ రిజిస్టర్‌ల ఉండేది మొదటి ఆర్గ్యుమెంట్ గాదు, ఇంకో పీటీ రెగ్స్‌కు (రిజిస్టర్లు దాచే స్ట్రక్చర్) పాయింటర్. ఫైల్ పేరు అడ్రస్ దాని ఎస్ఐల ఉంటది. రిజిస్టర్ కేప్రోబ్ జీపీఎల్ సింబల్ గాబట్టి మాడ్యూల్ లైసెన్స్ జీపీఎల్ అని రాయాలె. 32 బిట్ ప్రోగ్రాముల కాల్స్ ఇండ్ల రావు, వాటి దారి వేరే.

భద్రకాళి_గట్టు:
సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఇన్స్‌మాడ్ 'కీ వాజ్ రిజెక్టెడ్' అంటుంది. మోకుటిల్ అనే టూల్‌తో మీ కీ ఇంపోర్ట్ చేసి, రీబూట్‌లో వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ చేసి, హెడర్స్ ఫోల్డర్‌లోని సైన్‌ఫైల్‌తో సంతకం పెట్టండి. మళ్లీ మేక్ కొట్టిన ప్రతిసారీ సంతకం కొత్తగా పెట్టాలి.