అదునూ పదునూ: రొట్టె పిండికి ఈ మాట చెల్లుతుందా?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. రెండు నెలలుగా ఇంట్లో బ్రెడ్డు చేస్తున్నాను. మిషను లేదు, చేత్తోనే. నా సందేహం వంట గురించి కాదు, ఒక మాట గురించి.

మొదటిసారి అరకిలో మైదాకి పావు లీటరు నీళ్ళు పోసి, పూరీ పిండిలా గట్టిగా కలిపాను. గడియారం చూసి గంటకి ఓవెన్‌లో పెట్టేశాను. పైన పెంకు, లోపల ముద్ద. మా అమ్మ ఒక ముక్క విరిచి వేళ్ళ మధ్య నలిపి, "దీనికి అదునూ లేదు, పదునూ లేదు" అంది. అమ్మ పుట్టిల్లు నరసన్నపేట దగ్గర పల్లె. దుక్కుల మధ్య పెరిగిన మనిషి, ఈస్టు ముఖం ఎరగదు.

వాన వెలిశాక చేలో మట్టి గుప్పెట్లోకి తీసుకుని పిడికిలి బిగించి చూస్తారు కదా. ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. అది పదును. నాగలికి అంటుకుంటుంటే ఇంకా ఆరాలి, పెళ్ళలు లేస్తే చేయి దాటిపోయినట్టు. ఆ పదును ఉన్న నాలుగు రోజులే అదును.

రెండోసారి అదే అరకిలోకి 320 మిల్లీలీటర్ల నీళ్ళు పోశాను. ఈస్టు ఒక చెంచా, ఉప్పు రెండు చెంచాలు. మొదట చేతికంతా అంటుకుని ఏడుపొచ్చింది. పిండి జల్లకుండా అరచేతి మొదలుతో నెట్టడం, మడవడం, తిప్పడం, ఇలా పన్నెండు నిమిషాలు. ఉన్నట్టుండి చేతిని వదిలేసింది. చిన్న ముద్ద తీసి పల్చగా సాగదీస్తే తెగకుండా అవతలి వెలుతురు కనిపించింది. పదును అంటే ఇదేనేమో అనిపించింది.

ఇక అదును. పొంగిన పిండిలో వేలు గుచ్చితే గుంట వెంటనే పూడిపోయిందా, ఇంకా ఆగాలి. మెల్లగా సగం పూడితే సరైన వేళ. అసలు పూడకపోతే దాటిపోయింది. మే నెలలో మా వంటింట్లో ముప్పావు గంటకే రెట్టింపవుతుంది, సంక్రాంతి చలికి రెండు గంటలు పట్టినా పట్టవచ్చు. దీన్ని ఇంగ్లీషులో 'ప్రూఫ్' అంటారని అమ్మకి చెబితే, "రొట్టెకి ప్రూఫేటి, కోర్టుకెళ్తాదా?" అంది.

నేను అడిగేది ఇదీ: పిండికి పదును అనవచ్చా? అలాగే పిండిని ఇలా నెట్టి మడిచే పనికి మీ ఇంట్లో ఏమంటారు?

విజయనగరం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
అమ్మాయీ, నిఘంటువుల్లో అదను, పదను అని ఉంటుంది. నోట్లో అదును, పదును. రెండూ రాయవచ్చు. శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తిగారి జిల్లాలో ఉండి వాడుక మాటకి అనుమతి అడగడమేమిటమ్మా! పదునుకి చెమ్మ ఒక్కటే కాదు, వాడి అనీ అర్థం ఉంది. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి పదును పెడతాడు. అన్నం మెత్తబడకుండా ఉడికితే పదునుగా ఉందంటాం. పనికి సిద్ధమైన స్థితి ఏదైనా పదునే అని నా అభిప్రాయం. మీ అమ్మగారి ప్రయోగం నాకు నచ్చింది.

పాలకొండ నుంచి:
మాస్టారూ, కాదనడం కాదు గానీ, మా వైపు పదును నేలకే. వంటింట్లో 'పాకానికి వచ్చింది' అంటాం. పిండికి పదును అంటే బలవంతంగా తెచ్చి అతికించినట్టుంది.

బొబ్బిలి నుంచి:
అరిసెలు ఎప్పుడూ చేయలేదా అన్నయ్యా? తడి బియ్యం దంచాక మా నాయనమ్మ, "పదును ఆరిపోద్ది, అదిమి మూతెట్టండి" అనేది. పిండికే అనేది, నేలకి కాదు.

రెండో ప్రశ్నకి నా ఓటు 'పిసకడం'. కలపడం అంటే నీళ్ళూ పిండీ ఒకటయ్యేసరికి పని అయిపోయినట్టు. మర్దన అనగానే నూనె, నడుంనొప్పి గుర్తొస్తాయి. మెదపడం పప్పన్నానికి. పిసకడంలోనూ ఒక ఇబ్బంది ఉంది, 'పీక పిసికేస్తాను' అనే మాట వెనకాలే వస్తుంది. అయినా ఆ బలం ఉన్న మాట మరొకటి దొరకలేదు.

టెక్కలి నుంచి:
మాట సంగతి సరే, చోడిపిండితో, అదే రాగిపిండితో, చేస్తే నాకు పొంగలేదు, ఎంత పిసికినా. ఇంకోటి, మీరు 'పొంగింది' అంటున్నారు, చర్చిలో మేము వినేది 'పులియని రొట్టెల పండుగ'. పులియడమా, పొంగడమా?

శ్రీకాకుళం నుంచి మళ్ళీ నేనే:
చోళ్ళలో సాగే జిగురు లేదండీ. గోధుమ పిండిలో నీళ్ళు పడితే పుట్టే ఆ జిగురే గాలిని పట్టి ఉంచుతుంది. నాలుగో వంతు చోడిపిండి, మిగతాది మైదా వేసి చూడండి. మరపట్టించిన గోధుమ పిండైతే నీళ్ళు ఇంకాస్త ఎక్కువ తాగుతుంది.

పులియడం, పొంగడం రెండూ నిజమే. లోపల జరిగేది పులియడం, కంటికి కనిపించేది పొంగడం. కానీ మా ఇంట్లో పిండి 'పులిసిపోయింది' అంటే పారబోయడానికి సిద్ధమైనట్టే. అందుకే రొట్టెకి నేను పొంగిందనే అంటాను.

పాలకొండ అన్నయ్యగారూ, మీ అభ్యంతరం అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ అప్పుడే గిన్నె మీద గుడ్డ తీసి వేలు గుచ్చి చూస్తోంది. "పదును అనకపోతే మరేటంటారో ఆయన్నే అడుగు. ఇది ఇంకా పావుగంట ఆగాల" అని గుడ్డ కప్పేసింది.