బెలారస్ ఖైదీలకు బరంపురం నుంచి కార్డులు: ఎలా పంపాలి?

బరంపురం పాఠకుడు:
బెలారస్‌లో 2020 ఆగస్టు 9 అధ్యక్ష ఎన్నికల తర్వాత నిరసనగా వీధుల్లోకొచ్చి జైలుపాలైన వాళ్లకు పది కార్డులు పంపాలనుకుంటున్నాం. తెలుగులో రాసి కింద ఇంగ్లీషు పెడితే చేరుతుందా? కొంత డబ్బూ పోగైంది. పర్లాకిమిడి అబ్బాయొకరు గోమెల్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నారు, ఆయన చేత అక్కడే పోస్టు చేయించొచ్చా? రెండేళ్ల శిక్ష పడినవాళ్లు నాలుగేళ్లు ఎలా ఉండాల్సొస్తుందో కూడా చెప్పండి.

రాయగడ నుంచి:
ముందు ఆ అబ్బాయిని ఇందులోకి దింపకండి, దయచేసి. అక్కడి ప్రభుత్వం అతివాద ముద్ర వేసిన టెలిగ్రామ్ చానల్ ఫోన్‌లో కనబడితే చాలు, 15 రోజులు లోపల వేయగలరు. ఖైదీల వివరాలు నమోదు చేసే వియాస్నా అనే హక్కుల సంస్థ మీద 2023లో ఆ ముద్రే వేశారు. ఈ చర్చ లింకు కూడా ఆయనకు పంపొద్దు.

డబ్బూ వద్దు. ఖైదీల కుటుంబాలకు సరుకులు అందడమే నేరమన్నట్టు 2024 జనవరిలో ఇళ్లు సోదా చేశారు. మీరు పంపే రూపాయి అక్కడ ఖైదీ తల్లి మీద కేసవుతుంది.

ఇక కార్డు. తెలుగు, ఇంగ్లీషు సెన్సారు దగ్గరే ఆగిపోతాయి. రష్యన్‌లోగానీ బెలారుసియన్‌లోగానీ, విడివిడి అక్షరాలతో, చేత్తో రాయండి. కవరు మీద ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, కాలనీ (అక్కడి జైలు శిబిరం) నంబరు ఉండాలి. దేశం పేరు మాత్రం ఇంగ్లీషులో, లేకపోతే మన సార్టింగులోనే తిరుగుతుంది. కేసు, ఎన్నికలు, ఆంక్షలు, యుద్ధం గురించి ఒక్క మాటా వద్దు. చిలికా పక్షులు, గోపాల్‌పూర్ సముద్రం, వాన, వంట రాయండి. బొమ్మలో తెలుపు-ఎరుపు-తెలుపు చారలు రాకుండా చూడండి. అది నిరసనకారుల జెండా, ఆ రంగుల మేజోళ్లకే పట్టుకెళ్లిన రోజులున్నాయి.

సిరొంచ:
శిక్ష పెరిగేది బెలారస్ శిక్షాస్మృతిలోని 411వ అధికరణం వల్ల. జైలు అధికారుల మాట మొండిగా ధిక్కరించారన్నది నేరం. అతివాదిగా నమోదైన ఖైదీ బట్టలకు పసుపు చీటీ కుడతారు. పైగుండీ ఊడినా తప్పు రాస్తారు. అలాంటివి కొన్ని పోగయితే షిజో అనే శిక్షాగది. బయటికొచ్చాక ఇంకో తప్పు, మళ్లీ షిజో. ఆ కాగితాలే 411కి సాక్ష్యం. ఒక్కో కేసుకు రెండేళ్ల దాకా వేయొచ్చు, విడుదల దగ్గరపడ్డప్పుడు మళ్లీ పెట్టొచ్చు. ఉద్యమకారిణి పలీనా షారెండా-పనాస్యుక్‌కు 2021లో పడింది రెండేళ్లే. ఇదే అధికరణం మళ్లీ మళ్లీ మోపి 2025 ఫిబ్రవరి దాకా వదల్లేదు. ఇంతకన్నా దుర్మార్గమైన లెక్క నేను చూడలేదు.

బరంపురం పాఠకుడు:
అబ్బాయి మాట, డబ్బు మాట మానేశాం. పేర్లు ఎక్కడ చూసుకోవాలి? అసలు కార్డు చేతికందుతుందా?

రాయగడ నుంచి:
వియాస్నా జాబితా చూడండి, పోస్టు చేసే రోజునే మళ్లీ చూడండి. 2025 డిసెంబరు 13న ఒక్కసారే 123 మందిని వదిలారు. అందులో నోబెల్ గ్రహీత అలెస్ బియాలియాట్‌స్కీ, ప్రతిపక్ష నాయకురాలు మరియా కలెస్నికావా ఉన్నారు. పాత చిరునామాకు వేస్తే వృథా. చాలా చోట్ల దగ్గరి బంధువుల ఉత్తరాలే ఇస్తారు, కాబట్టి జవాబు కోసం ఎదురుచూడొద్దు. చేతికి అందకపోయినా, ఈ మనిషిని దూరదేశంలో ఎవరో గుర్తుపెట్టుకున్నారని సెన్సారు బల్ల మీద తెలుస్తుంది. పదీ ఒకే రోజు కాకుండా, వారానికి రెండు చొప్పున వేయండి.