స్ప్లిట్ రోజుల టోనీ కుకోచ్ ఆటను ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలి?

క్రొయేషియా బాస్కెట్‌బాల్ గురించి బాగా తెలిసినవారిని ఒక సందేహం అడగదలచాను. సొంత ఊరు స్ప్లిట్ జట్టుతో 1989 నుంచి 1991 వరకు వరుసగా మూడుసార్లు యూరప్ విజేతగా నిలిచిన టోనీ కుకోచ్‌ను అమెరికా ఎన్‌బీఏ లీగ్ జట్టు చికాగో బుల్స్ 1990లోనే డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) రెండో రౌండులో ఎంచుకున్నప్పటికీ, ఆయన ఇటలీలోని ట్రెవిజోలో రెండేళ్లు ఆడి, 1993లో గానీ అమెరికా వెళ్లలేదు. అక్కడ మూడు టైటిళ్లు, 1996లో ఉత్తమ సిక్స్త్ మ్యాన్ (బెంచీ నుంచి వచ్చే ఆటగాడు) పురస్కారం దక్కినా, బెంచీ నుంచి దిగే పాత్ర ఆ ప్రతిభకు ఇరుకైనదేనని నా అభిప్రాయం. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో అమెరికా జట్టులోని బుల్స్ ఆటగాళ్లు జోర్డాన్, పిప్పెన్ ఆయనను కట్టడి చేసిన తొలి క్రొయేషియా-అమెరికా మ్యాచ్ మాత్రమే నేను చూశాను (నాలుగే పాయింట్లు!). అంత పొడగరి పాయింట్ గార్డులా (జట్టు ఆటను నిర్దేశించే ఆటగాడిలా) బంతిని నడిపించిన తీరు అర్థం కావాలంటే, స్ప్లిట్, ట్రెవిజో రోజుల మ్యాచ్‌లలో ముందుగా వేటిని చూడాలో, వాటిలో ఏ అంశాన్ని గమనించాలో దయచేసి చెప్పగలరా?