గింజ గింజని ‘తాకింది’ అనాలా, ‘ఆనుకుంది’ అనాలా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్క పల్లె, ఇసక, వడ్లు లాంటివి ఎట్టా కదుల్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే పని మీద రీసెర్చ్ చేస్తుండాను. ఒక మాట దగ్గర ఆగిపోయా, మీరే చెప్పాల.

సిమ్యులేషన్‌లో వేల గింజలు రాశి పోసినట్టు ఉంటాయి, ఒక్కో గింజకి ఒక నంబరు. రాశిని కదిలించక ముందు ఒక ఫైలు, కదిలించినాక ఇంకో ఫైలు తీసుకొని, ఏ గింజకి ఏ గింజతో కాంటాక్ట్ ఉండింది, ఇప్పుడు దేంతో ఉండాది అని పోలుస్తాం. 1979లో కండల్, స్ట్రాక్ అనే ఇద్దరు రాసిన పద్ధతే ఇప్పటికీ ఇట్టాంటి సిమ్యులేషన్లకి పునాది. ఈ కాంటాక్ట్‌కి తెలుగేంది?

బళ్ళో స్పర్శరేఖ, స్పర్శబిందువు అని చదువుకున్నాం, వృత్తాలకి అది బాగానే ఉంది గానీ వడ్లగింజకి స్పర్శ అంటే నాకు మనసొప్పట్లా. ‘తాకిడి’ అంటే తుఫాను తాకిడి మాదిరి వచ్చి తగిలేది. రాశిలో గింజ కదలకుండా కిందిదాని మీద బరువేసి కూర్చోనుంటది కదా.

పోయిన కోతలప్పుడు కల్లంలో ఒక పుట్టి వడ్లు, అంటే మా లెక్కలో 850 కిలోలు, రాశి పోసి ఉంటే నేను అడుగున పిడికెడు తీశా. పైనుంచి సన్నటి ధార జారింది, దాని పక్కనే జానెడు దూరంలో ఒక్క గింజ కూడా కదల్లా. మా నాయన చూసి “ఆనినయ్యి తీసేస్తే పైవి ఎట్టా నిలుస్తాయమ్మా” అన్నాడు. అప్పట్నించి ‘ఆనిక’ అనే మాటే నా నోట్లో తిరగతా ఉంది.

ఇంకోటి, ప్రోగ్రామ్ ముందుగా దగ్గర్లో ఉండే గింజల జతలన్నీ ఒక లిస్టు రాసుకుంటది, వాటిలో చాలా జతల మధ్య సందు ఉంటది. గింజల్ని గుండ్రటి బంతులు అనుకుంటే, మధ్యబిందువుల దూరం రెండు వ్యాసార్ధాల మొత్తం కన్నా తక్కువైతేనే నిజం కాంటాక్ట్. మనకి ‘పక్కన ఉంది’ వేరు, ‘ఆనుకొని ఉంది’ వేరు, ఆ తేడా మాటలోనే ఉంది చూడండి.

ఒంగోలు నుంచి ఒక మాస్టారి జవాబు:
ఆనిక బాగుందమ్మా, గోడకి నిచ్చెన ఆనించడం అందరికీ తెలిసిందే. అయితే ఒక అనుమానం. ఆనడంలో ఒకటి మోస్తది, ఒకటి మోయించుకుంటది, మరి నీ లెక్కలో ఇద్దరూ సమానమేనా? ఇంకోటి, ఎన్ని ఆనికలు ఉండాయో ముందూ వెనకా లెక్కేసుకుంటే చాలదా? పోల్చినాక వచ్చేవాటికి ‘విడినవి, కూడినవి, నిలిచినవి’ అని పెట్టుకో.

నా జవాబు:
మాస్టారూ, సమానమే. 12వ నంబరు గింజని 45వది ఎంత బలంతో నెడితే 45ని 12 అంతే నెడతది, అందుకే జతలో చిన్న నంబరే ముందు రాస్తాం, లేకపోతే 12-45, 45-12 రెండు వేరు జతలని ప్రోగ్రామ్ అనుకుంటది. లెక్క ఒక్కటే చాలదండీ. ముందు 1-2, 2-3, 3-4 ఉండాయి, తర్వాత 1-2, 3-4, 2-5 అయినాయి అనుకోండి. రెండుసార్లూ మూడే, కానీ 2 పోయి 3ని వదిలి 5ని పట్టుకుంది, రాశి ఎక్కడ జారిందో చెప్పేది ఆ వదిలిన జతే.

విడినవి, కూడినవి రెండూ తీసుకుంటుండా, చాలా బాగుండాయి. ‘నిలిచినవి’ మాత్రం వద్దండీ. మనకి ఉండేది రెండు ఫైళ్ళే, మధ్యలో ఒక జత విడిపోయి మళ్ళీ ఆనుకొని ఉండొచ్చు, ఆ సంగతి ఈ పోలికకి తెలీదు. నిలిచింది అంటే మధ్యలో విడవలేదని మాటిచ్చినట్టు అవుతది. అందుకని ‘రెంట్లోనూ ఉన్నవి’ అని రాస్తా, పొడుగైనా సరే. ఫైళ్ళు వెంటవెంటనే తీసి ప్రతి అడుగూ చూసుకున్న చోట మాత్రం మీ ‘నిలిచినవి’ పెట్టుకుంటా.