‘ఉభయవేతనుడు’ అన్న మాట కల్నల్ రెడ్‌ల్‌కు చెల్లుతుందా?

పోయిన ఆదివారం విశాఖ ఎం.వి.పి. కాలనీలో జరిగిన మా చదువరుల కూడికలో ఆస్ట్రియా-హంగేరీ సైనికాధికారి ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ల్ గురించి చెబుతూ నేను అతణ్ని ‘ఉభయవేతనుడు’ (రెండు వైపులా జీతం తినే వేగు) అన్నాను. నౌకాదళంలో పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు, “ఆ మాట అతనికి సరిపడదేమో, మాస్టారూ, ఒకసారి మూలం చూడండి” అన్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రం తీసి చూశాను. ఆయన మాటే నిజమైంది.

రెడ్‌ల్ ఆస్ట్రియా-హంగేరీ సైనిక గూఢచార విభాగంలో శత్రువుల వేగులను పట్టే శాఖకు అధిపతిగా ఉంటూనే రష్యాకు రహస్యాలు అమ్మాడు. 1913 మే 24న, మారుపేరుతో వచ్చిన నోట్ల కవర్లను తీసుకోవడానికి అతడు వియన్నా తపాలా కార్యాలయానికి వచ్చేసరికి పోలీసులు కాపు కాసి ఉన్నారు. అతడు ఎక్కిన టాక్సీలో చిన్న చాకు ఒర ఒకటి దొరికిందని, హోటల్లో “ఇది ఎవరిది?” అని అడిగితే తనదేనని తీసుకుని, అలా పట్టుబడ్డాడని చెబుతారు. మరునాటి వేకువన తన గదిలోనే పిస్తోలుతో కాల్చుకున్నాడు.

ఇక మాట సంగతి. ఇరుపక్షాల నుంచి వేతనం పుచ్చుకొనేవాడు ఉభయవేతనుడు. విడదీసి చూస్తే రెడ్‌ల్‌కు అతికినట్టే ఉంటుంది. నేను పొరబడింది అక్కడే. కౌటిల్యుడు “గృహీతపుత్రదారాంశ్చ కుర్యాదుభయవేతనాన్” అన్నాడు. అంటే, రాజు ఒకడి ఆలుబిడ్డలను తన అధీనంలో ఉంచుకొని, వాణ్ని శత్రువు కొలువుకు పంపి, అక్కడి జీతం కూడా తీసుకోనిస్తాడు. వాడు రెండు జీతాలు తిన్నా పనిచేసేది మొదటి రాజుకే. అలా శత్రువు మన దగ్గరికి పంపినవాళ్లనూ కనిపెట్టాలని అక్కడే చెప్పాడు. రెడ్‌ల్‌ను ఎవరూ పంపలేదు; ఉన్నచోటనే అమ్ముడుపోయాడు.

అలాంటివారికి అర్థశాస్త్రంలో వేరే పేరుంది: కృత్యులు, అంటే శత్రువు తన వైపు తిప్పుకోగలిగినవారు. వారిని క్రుద్ధులు (కోపం పెంచుకున్నవారు), లుబ్ధులు (డబ్బాశ గలవారు), భీతులు (భయపడేవారు), మానులు (అభిమానం మెండైనవారు) అని నాలుగు తెగలుగా చెప్పాడు. ఆడంబరానికి అలవాటుపడి డబ్బుకు లొంగిన రెడ్‌ల్ లుబ్ధుల తెగలో చేరతాడు.

అయితే ‘కృత్యుడు’ అంటే నేటి తెలుగు పాఠకుడికి ఏమీ తోచదు. ‘వేగులవాడు’ చక్కని మాటే కాని (తమిళంలోని ‘వేవు’ దీనికి చుట్టమే), అది పని పేరు మాత్రమే, ద్రోహాన్ని చెప్పదు. ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లన్న ‘ఇంటిదొంగ’ ఒక్కటే, కాపలాదారే కన్నం వేసిన ఈ కథను పూర్తిగా మోస్తుందని నాకు అనిపిస్తోంది. నా వ్యాసంలో ఆ మాటే వేసి దిద్దుకుంటున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలాంటివాణ్ని పిలిచే మరో పలుకుబడి ఉంటే, తెలిసిన పెద్దలు దయచేసి ఇక్కడ రాయండి.