సముద్రానికి ‘వైవిధ్యం’ అతుకుతుందా?

ఒక సైన్స్ వ్యాసం సరిదిద్దుతూ ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: “సముద్ర, వాతావరణ వైవిధ్యం ధ్రువ మంచు పలకల నష్టాన్ని ప్రభావితం చేస్తుంది.” ఇంగ్లీషులో వేరియబిలిటీ అని ఉన్నచోట వైవిధ్యం పెట్టేశారు. వైవిధ్యం అంటే రకరకాలుగా ఉండటం కదా, జీవవైవిధ్యం అన్నట్టు. ఇక్కడి సంగతి వేరు. అదే సముద్రం, అదే చోట, కొన్నేళ్లు వెచ్చగా, కొన్నేళ్లు చల్లగా ఉంటుంది.

పశ్చిమ అంటార్కిటికాలోని పైన్ ఐలాండ్ హిమానీనదాన్నే చూడండి. దాని కొస సముద్రం మీద తేలుతూ ఉంటుంది, లోతు నుంచి వచ్చే కాస్త వెచ్చటి ఉప్పునీరు దాని కిందికి చేరి అడుగు నుంచి కరిగిస్తుంది. ఆ నీరు ఎంత చేరుతుందనేది చాలావరకు గాలుల చేతిలో ఉంది, ఆ గాలులేమో ఎక్కడో ఉష్ణమండల పసిఫిక్‌లో నీరు వెచ్చబడే ఎల్ నినో, చల్లబడే లా నినాలు మారితే తామూ మారతాయి. 2010తో పోలిస్తే 2012 నాటికి ఆ అడుగు కరుగుదల సగానికి పడిపోయింది. దీన్ని వైవిధ్యం అంటే చదివేవాళ్లకి ఏం అర్థమవుతుంది? నాకు ‘ఒడిదుడుకులు’ బాగుందనిపిస్తోంది. మీరేమంటారు?

స్పందన: ‘ఆటుపోట్లు’ అనొచ్చు కదండీ, సముద్రం మాటే కాబట్టి?

జవాబు: సముద్రం మాట కాబట్టే వద్దండీ. అక్కడ నిజం ఆటుపోట్లు కూడా ఉన్నాయి, తేలే మంచుని రోజూ పైకీ కిందికీ ఆడిస్తుంటాయి. ఉపమానం కాస్తా అసలు అర్థంతో కలిసిపోయి గందరగోళమవుతుంది.

మరో స్పందన: ఒడిదుడుకులు అంటే కష్టాల వాసన వస్తుందండీ, ‘జీవితంలో ఒడిదుడుకులు’ అంటాం. గ్రీన్‌లాండ్‌లో జాకబ్స్‌హావ్న్ హిమానీనదం దగ్గరికి 2016 నుంచి చల్లటి నీరు చేరింది, అప్పటిదాకా ఏళ్ల తరబడి పలచబడుతూ వచ్చినది కాస్త నెమ్మదించి మళ్లీ మందం కట్టింది. అది ఒడిదుడుకు ఎలా అవుతుంది, ఊరట కదా! ‘హెచ్చుతగ్గులు’ అయితే రెండు వైపులకీ సరిపోతుంది. ఇంకో మాట, ‘మార్పు’ మాత్రం వాడకండి, వాతావరణ మార్పుతో కలిపేసుకుంటారు. హెచ్చుతగ్గులు వేరు, అవి ఏ దిక్కుగా సాగుతున్నాయన్నది వేరు. గ్రీన్‌లాండ్ 2017, 2018లో తక్కువ మంచే పోగొట్టుకుంది, సరేనని ఊపిరి పీల్చుకునేలోపే 2019లో సుమారు 53 వేల కోట్ల టన్నులు పోయింది. చల్లటి రెండేళ్లు చూపించి కరగడం ఆగిందనేవాళ్లకి ఈ తేడా తెలియకే ఆ తప్పు.

జవాబు: ఒప్పుకున్నానండీ, హెచ్చుతగ్గులే సరైనది. జాకబ్స్‌హావ్న్ సంగతి నాకు తట్టనే లేదు. ‘నష్టం’ కూడా తీసేసి ‘తరుగు’ అంటాను, తూకం తగ్గడానికి మనకున్న మాట అదే. ‘వాతావరణం’ ఇంకా ఇబ్బంది పెడుతోంది, రోజువారీ వెదరూ అదే, క్లైమేటూ అదే, అట్మాస్ఫియరూ అదే. ఈ వాక్యంలో పని చేసేది ఎక్కువగా గాలులూ గాలి వేడీ కాబట్టి సూటిగా గాలి అనేస్తున్నాను: “సముద్రంలో, గాలిలో ఏటేటా వచ్చే హెచ్చుతగ్గుల్ని బట్టి ధ్రువాల మంచు తరుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.” ‘పలక’ వదిలేశాను, కిలోమీటర్ల మందాన ఖండాన్ని కప్పేసిన మంచుని పలక అనడానికి నాకు మనసొప్పలేదు. దానికి ఇంకా మంచి మాట తెలిస్తే చెప్పండి.